వరి వేరుకీ మన నెత్తురుకీ ఒకటే తలుపు

మీ బ్లడ్ గ్రూపు ఏటని అడిగితే ‘ఓ పాజిటివ్’ అనో ‘బీ నెగెటివ్’ అనో టక్కున చెప్పేస్తారు. లైసెన్సు ఫారంలో రాస్తారు. రక్తం కావాలని వాట్సాప్‌లో మెసేజ్ వస్తే మనదేనా అని చూసుకుంటారు. ఆ పాజిటివ్, నెగెటివ్ అన్న మాట ఎర్ర రక్తకణం మీదుండే ఒక ప్రోటీను గురించి. ఆ ప్రోటీను చుట్టాలే ఇప్పుడు మీ మడిలో వరి వేరు మీద ఉన్నాయి. మట్టిలో బాక్టీరియా ఒంట్లో ఉన్నాయి. జీలుగు కల్లుని పొంగించే ఈస్టులోనూ ఉన్నాయి. ఈ కుటుంబం కులవృత్తి ఒకటే. కణం పొరలో తలుపులాగ నిలబడి అమోనియాని దాటించడం.

దీంతో మనకేటి పని అంటారా? రెండు పనులున్నాయి. యూరియా బస్తా మీద పెట్టిన డబ్బులో సగం పైన ఎక్కడికి పోతోందో ఈ తలుపు సంగతి తెలిస్తే అర్థమవుతుంది. అది మొదటిది. కడుపుతో ఉన్న అక్క కార్డు మీద ‘నెగెటివ్’ అని రాసి ఉంటే ఇంట్లోవాళ్లు ముందే ఏటి చూసుకోవాలో తెలుస్తుంది. ఇది రెండోది. మొదటిదాన్లో పంట ఉంది, రెండోదాన్లో ప్రాణం ఉంది. అందుకే ఓపిగ్గా చదవండి.

అమోనియా అంటే ఏటి?

పొద్దున్నే పశువుల పాకలోకి వెళ్తే ముక్కుకి ఘాటుగా తగిలేది అమోనియానే. ఆవు మూత్రంలో యూరియా ఉంటుంది. సూక్ష్మజీవులు దాన్ని విరగ్గొడితే అమోనియా గ్యాసు బయటికొస్తుంది. బస్తాలో తెల్లగా ఉండే యూరియా కూడా అదే పదార్థం. ఒకటి ఫ్యాక్టరీలో తయారైంది, ఒకటి ఆవు ఒంట్లో తయారైంది. తేడా అంతే.

అమోనియాలో ఒక నత్రజని పరమాణువు, దానికి అతుక్కుని మూడు హైడ్రోజన్లు ఉంటాయి. నీటిలో కలిస్తే అది ఇంకో హైడ్రోజన్‌ని, అంటే ఒక ప్రోటాన్‌ని, పట్టుకుంటుంది. అప్పుడు దాని మీద ప్లస్ చార్జి పడుతుంది, పేరు అమోనియం అవుతుంది. నీరు ఆమ్లమూ కాకుండా క్షారమూ కాకుండా మధ్యస్థంగా, పీహెచ్ 7 దగ్గరుంటే, నూటికి 99కి పైగా ఈ అమోనియం రూపంలోనే ఉంటాయి. పీహెచ్ 9 దాటితే లెక్క మారిపోతుంది. సగానికి సగం మళ్లీ గ్యాసుగా మారి ఎగిరిపోడానికి సిద్ధమవుతాయి. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, మడిలోకి దిగినప్పుడు పనికొస్తుంది.

మొక్కకి నత్రజని ఎందుకు? ఆకు పచ్చదనానికి కావాలి, గింజలో ప్రోటీనుకి కావాలి. మన చుట్టూ గాలిలో 78 శాతం నత్రజనే. కానీ ఆ గాలి నత్రజనిని మొక్క నేరుగా తినలేదు. గాదె నిండా ధాన్యం ఉండి తాళం చెవి లేనట్టన్న మాట. మొక్కకి అది అమోనియంగానో నైట్రేట్‌గానో అందాలి.

పొర దాటడం అంత సులువు కాదు

ప్రతి కణం చుట్టూ ఒక పల్చటి పొర ఉంటుంది. అది కొవ్వుతో అల్లిన పొర. చార్జి ఉన్న వస్తువుకి నీళ్లంటే ఇష్టం, కొవ్వంటే పడదు. ఉప్పు నీళ్లలో బేగి కరుగుతుంది గానీ నూనెలో ఎంత తిప్పినా అడుగునే కూకుంటుంది కదా, అలగే. అమోనియం కూడా ఉప్పులాంటిదే. వేరు బయట నీటిలో ఎంతున్నా, తలుపు లేకపోతే లోపలికి రాలేదు.

చాలాకాలం సైంటిస్టులకి ఈ తలుపు మీద పెద్ద పట్టింపు లేదు. అమోనియా చిన్న గ్యాసు కదా, పొరలోంచి దానంతటదే జారిపోతుందిలే అనుకునేవారు. జారే మాట నిజమే. కానీ పైన చెప్పిన లెక్క చూడండి. గ్యాసు రూపంలో ఉండేది నూటికి ఒకటి కన్నా తక్కువ. ఆ చుక్కల మీద ఆధారపడితే మొక్క ఆకలి తీరదు.

1994లో తలుపు దొరికింది. ఎలగ దొరికిందో వింటే బాగుంటుంది. ఈస్టుకి అమోనియం తీసుకోవడానికి సొంత ఏర్పాటుంది. అది పాడైన ఈస్టు, అమోనియం తక్కువున్న చోట ఆకలితో ఎదగలేక చిక్కిపోతుంది. అలాంటి ఈస్టులోకి ఆవాల జాతికి చెందిన అరబిడోప్సిస్ అనే చిన్న మొక్క జీన్లు ఒకటొకటిగా పెట్టి చూశారు. ఒక జీను పడగానే ఈస్టు మళ్లీ లేచి పెరిగింది. అంటే మొక్క తలుపు ఈస్టు గోడకి సరిపోయిందన్న మాట. జర్మనీలో వోల్ఫ్ ఫ్రోమర్ బృందం, బెల్జియంలో బ్రస్సెల్స్ యూనివర్సిటీ వాళ్లు కలిసి చేసిన పని ఇది. అదే ఏడాది బ్రస్సెల్స్‌లోని బ్రూనో ఆండ్రే, అన్నా మరియా మరీని బృందం ఈస్టు సొంత తలుపుని కూడా పట్టుకుంది. మొక్క తలుపుకి ఏఎంటీ అని, ఈస్టు తలుపుకి మెప్ అని పేర్లు పెట్టారు.

తలుపు లోపల ఏటుంది?

2004లో అమెరికాలో ఒకటి, స్విట్జర్లాండ్‌లో ఒకటి, రెండు బృందాలు ఈ-కోలై అనే బాక్టీరియా తలుపుని స్ఫటికంగా మార్చి, ఎక్స్‌రేతో దాని రూపం మొత్తం చూశాయి. మూడు ప్రోటీన్లు ఒకదానికొకటి ఆనుకుని ముక్కాలి పీటలాగ నిలబడి ఉన్నాయి. ప్రతి ప్రోటీనులోనూ ఒక సన్నటి సొరంగం. అంటే ఒక గుమ్మానికి మూడు దారులు.

ఇక్కడ అసలు చిక్కు పొటాషియంతో. పొటాష్ ఎరువు తెలుసు కదా, అందులో ఉండేదే. పొటాషియానికీ అమోనియానికీ సైజు దాదాపు ఒకటే, చార్జీ ఒకటే. సంతలో రద్దీగా ఉన్నప్పుడు ఒకే ఎత్తు, ఒకే రంగు చొక్కా ఉన్న ఇద్దరిని దూరం నుంచి పోల్చుకోలేం. మరి తలుపు ఎలగ పోల్చుకుంటుంది? సొరంగం మధ్యభాగం నీళ్లు పడని, జిడ్డులాంటి ఇరుకు దారి. చార్జితో ఎవరూ అందులోంచి పోలేరు. అమోనియం గుమ్మం దగ్గర తన అదనపు ప్రోటాన్‌ని విప్పేసి, చార్జి లేని అమోనియాగా మారి లోపలికి జారుతుంది. పొటాషియం విప్పడానికేమీ లేదు, దాని చార్జి దాని ఒంట్లోనే ఉంది. కాబట్టి బయటే ఆగిపోతుంది. విప్పేసిన ప్రోటాన్ ఏమైంది? ఈ-కోలై తలుపులో అది వేరే సందులోంచి లోపలికి చేరుతుందని 2020లో తేల్చారు. బయట ఇద్దరూ విడిపోయి, లోపల మళ్లీ కలుసుకుంటారన్న మాట.

ఇంకో విషయం. ఈ తలుపుకి గొళ్లెం ఉంది. వేరు చుట్టూ అమోనియం మరీ ఎక్కువైతే మొక్కకి అది విషం. వేరు పొట్టిగా గిడసబారిపోతుంది. అందుకని మొక్క ఏం చేస్తుందంటే, తలుపు తోక మీద ఒక చిన్న ఫాస్ఫేట్ ముక్క అతికిస్తుంది. ఒక్క దానికి అతికిస్తే చాలు, పక్కనున్న రెండూ కూడా మూసుకుంటాయి. 2007లో ఇది బయటపడింది. ఎంత తినాలో మొక్కే చూసుకుంటుంది. మనం కుమ్మరించినంతా తినదు.

మడిలో ఏం జరుగుతోంది?

ఇప్పుడు అరకు లోయలో గెడ్డ వార మడులకి వద్దాం. దమ్ము చేసి నీళ్లు నిలబెట్టిన మడిలో బురద లోపలికి గాలి అందదు. గాలి లేనిచోట నత్రజని ఎక్కువగా అమోనియం రూపంలోనే ఉండిపోతుంది. వేల ఏళ్లుగా అలాంటి బురదలో బతికిన వరి అమోనియాన్నే ఇష్టపడే పంటగా మారింది. దాని వేర్లలో ఈ ఏఎంటీ తలుపుల రకాలు పదికి తక్కువ లేవు. అవి భలే ఆకలిగా ఉంటాయి. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము అమోనియం ఉన్నా లాక్కోగలవు.

అదే కొండవాలు మీద చోడి చేను చూడండి. అక్కడ నేల గుల్లగా ఉంటుంది, గాలాడుతుంది. గాలి ఉన్నచోట కొన్ని బాక్టీరియాలు అమోనియాన్ని నైట్రేట్‌గా మార్చేస్తాయి. చోడి ఎక్కువగా నైట్రేట్ తింటుంది, దానికి వేరే తలుపులున్నాయి. తమాషా ఏటంటే, నైట్రేట్‌గా మార్చే ఆ బాక్టీరియాల్లో ఒకటైన నైట్రోసోమోనాస్‌కి కూడా అమోనియా తలుపు ఉంది. అది మొక్కల తలుపు కన్నా మన రక్తంలోని రకానికి దగ్గరి చుట్టం. యూరియాకి వేపనూనె పూత ఎందుకు పెడతారో తెలుసా? ఈ బాక్టీరియాల పని నెమ్మది చెయ్యడానికే. అమోనియం నైట్రేట్‌గా మారితే వానకి కొట్టుకుపోతుంది. అమోనియంగా ఉంటే మట్టిని పట్టుకుని ఉంటుంది. 2015 నుంచి మన దేశంలో యూరియా మొత్తానికీ వేపపూత తప్పనిసరి చేశారు.

ఇక బస్తా లెక్క. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 46 శాతం, అంటే 20 కిలోల చిల్లర. నీళ్లు నిలిచిన వరిలో అందులో మొక్కకి దక్కేది మామూలుగా సగం కన్నా తక్కువే. మిగిలింది ఏమైంది?

మిట్టమధ్యాహ్నం నిండు నీళ్లలో యూరియా చల్లామనుకోండి. యూరియా విరిగి అమోనియా అవుతుంది. మడి నీటిలో పెరిగే పాచి ఎండకి నీళ్లలోని బొగ్గుపులుసు వాయువుని తినేస్తుంది. దాంతో నీటి పీహెచ్ పెరిగి, మధ్యాహ్నానికి 9 దాకా పోవచ్చు. ఇందాక గుర్తుపెట్టుకోమన్న లెక్క ఇదే. ఆ పీహెచ్ దగ్గర అమోనియం మళ్లీ గ్యాసుగా మారి గాల్లో కలిసిపోతుంది. వేరు దగ్గర తలుపు తెరుచుకునే ఉంది, కానీ తిండి గాలికి పోయింది. ఒకవేళ ఒకేసారి మొత్తం కుమ్మరిస్తే? వేరు కొంత తిని గొళ్లెం పెట్టేస్తుంది. మిగిలింది కట్ట తెగి గెడ్డలో కలుస్తుంది. తిన్నది ఎక్కువైతే ఆకు మెత్తబడి నల్లపచ్చగా తయారవుతుంది. మన చల్లటి మంచు వాతావరణంలో అగ్గితెగులు అలాంటి చేనునే వెతుక్కుంటుంది.

వ్యవసాయ శాఖ వాళ్లు ఎప్పట్నుంచో చెప్తున్న మాటలు ఇప్పుడు కొత్తగా వినండి. ‘నత్రజనిని మూడు దఫాలుగా వెయ్యండి. నాటేటప్పుడు కొంత, దుబ్బు చేసేటప్పుడు కొంత, అంకురం దశలో కొంత.’ ఎందుకంటే తలుపు ఒకేసారి పట్టేది కొంతే. ‘నీళ్లు తీసేసి బురద పదునులో చల్లండి, రెండు రోజులాగి పల్చగా నీళ్లు పెట్టండి.’ ఎందుకంటే అమోనియం బురదలోకి దిగితేనే వేరుకి అందుతుంది, నీటి పైన ఉంటే గాలికి పోతుంది. ఇవి ఎవరో ఊరికే పెట్టిన రూల్సు కాదు. తలుపు తీరుని బట్టి వచ్చిన పద్ధతులు. ఎక్కువ బస్తాలు కొనడం కన్నా ఉన్న బస్తాని తలుపు తెరిచి ఉన్నప్పుడు అందించడం మేలు.

కందికి సొంత వంటగది

మన పెద్దలు చోడిలో కంది కలిపి చల్లేవారు. బొబ్బర్లు, అనుములు పక్కపక్కనే పెట్టేవారు. పోడు చేలో ఏ ఒక్క పంటా ఒంటరిగా ఉండేది కాదు. కంది మొక్కని నెమ్మదిగా పీకి వేరు చూడండి, చిన్న చిన్న బుడిపెలు కనపడతాయి. ఆ బుడిపెని గిల్లితే లోపల ఎర్రగా ఉంటే అది పని చేస్తోందని గుర్తు. అందులో రైజోబియం జాతి బాక్టీరియా కాపురం ఉంటుంది. గాలి నత్రజని అనే గాదెకి తాళం చెవి వీటి దగ్గరుంది. అవి గాలిలోంచి అమోనియా తయారుచేసి మొక్కకిస్తాయి. మొక్క బదులుగా చక్కెర పెడుతుంది.

ఇక్కడా తలుపు కథే. మట్టిలో ఒంటరిగా బతికేటప్పుడు ఆ బాక్టీరియాకి కూడా అమోనియా లోపలికి లాక్కునే తలుపు ఉంటుంది. బుడిపెలోకి వచ్చాక అది ఆ తలుపు తయారీ ఆపేస్తుంది. లేకపోతే చేసిన అమోనియాని తనే మళ్లీ మింగేస్తుంది, మొక్కకి మిగలదు. రాజ్మా వేళ్లలో ఉండే రైజోబియం ఎట్లీ అనే రకంలో 1999లో సైంటిస్టులు ఆ తలుపుని బలవంతంగా తెరిచి ఉంచి చూశారు. బుడిపెలు సరిగా ఎదగలేదు. కాపురం నిలబడాలంటే ఎవరో ఒకరు తన తలుపు మూసుకోవాలన్న మాట.

రాజ్మా అంటే చింతపల్లి, పాడేరు వైపు అందరికీ తెలిసిన పంటే. అది పప్పుజాతే గానీ ఈ పనిలో కాస్త బద్ధకం. కంది, బొబ్బర్లు చేసినంతగా గాలి నత్రజనిని పట్టదు. అందుకే రాజ్మాకి గత్తమో మరో నత్రజనో అవసరం పడుతుంది. పప్పుజాతి కదా, ఏమీ వెయ్యక్కర్లేదు అనుకుంటే దిగుబడి పడిపోతుంది. కంది విషయం అలగ కాదు. కంది కోశాక వేరునీ రాలిన ఆకునీ నేలలోనే వదిలేస్తే తర్వాతి పంటకి కొంత నత్రజని మిగులుతుంది.

గత్తమా, బస్తానా?

సోషల్ మీడియాలో ఈ గొడవ రోజూ నడుస్తూనే ఉంటుంది. ఒకరు యూరియా విషమంటారు, ఒకరు గత్తంతో పంటలు పండవంటారు. తలుపు దగ్గరికెళ్లి అడిగితే అది రెండింటినీ ఒప్పుకోదు. గత్తంలోంచి వచ్చిన అమోనియం, జీవామృతంలోంచి వచ్చిన అమోనియం, బస్తాలోంచి వచ్చిన అమోనియం ముగ్గురూ ఒకటే. ఎక్కడినుంచి వచ్చావని తలుపు అడగదు, ఆధార్ కార్డు చూడదు.

మరి తేడా లేదా? ఉంది. వేగంలో ఉంది. బస్తా ఒక్కసారిగా గుమ్మం ముందు తోపులాట పెడుతుంది. గత్తం నెమ్మదిగా, రోజూ కొంచెం కొంచెం వదులుతుంది. మొక్క ఆకలికి అది దగ్గరగా ఉంటుంది. పైగా గత్తం మట్టికి పట్టునిస్తుంది, తేమ నిలుపుతుంది. ఏటవాలు కొండ నేలలో, ఒక్క వానకి ఎర్రమట్టి గెడ్డలోకి దిగిపోయే చోట, ఆ పట్టు చాలా ముఖ్యం. 2019లో భౌగోళిక గుర్తింపు దక్కిన అరకు వ్యాలీ అరబికా కాఫీకి మంచి పేరొచ్చింది కూడా ఈ తోటలకి రసాయన ఎరువులు పెద్దగా అలవాటు లేకపోవడం వల్లే. చెట్ల నీడలో రాలిన ఆకు కుళ్లి, నెమ్మదిగా అమోనియం, నైట్రేట్ వదులుతుంది. కాఫీ వేరు అలగే తింటుంది.

కాబట్టి నా మాట ఏటంటే, కొండ మీద గత్తం, ఆకు, కంది మీదే ఎక్కువ నమ్మకం పెట్టుకోవాలి. పల్లపు మడిలో యూరియా వెయ్యాల్సి వస్తే కొంచెం కొంచెం, బురద పదునులో వెయ్యాలి. ఇది రాజకీయం కాదు, మతం అంతకన్నా కాదు. వేరు ఎంత తినగలదో చూసుకుని పెట్టడం.

ఇప్పుడు నెత్తురు సంగతి

1940లో కార్ల్ లాండ్‌స్టైనర్, అలెగ్జాండర్ వీనర్ అనే ఇద్దరు డాక్టర్లు రీసస్ జాతి కోతి రక్తంతో ప్రయోగాలు చేస్తూ మనుషుల రక్తంలో ఒక కొత్త తేడాని కనిపెట్టారు. ఆ కోతి పేరు మీదే దానికి ఆర్‌హెచ్ అని పేరొచ్చింది. ఎర్ర రక్తకణం మీద ఆర్‌హెచ్-డీ అనే ప్రోటీను ఉంటే పాజిటివ్, లేకపోతే నెగెటివ్. కానీ ఆ ప్రోటీను అసలు చేసే పనేటో అర్ధశతాబ్దం పైగా ఎవరికీ తెలీలేదు.

1997లో బ్రస్సెల్స్‌లోని అదే మరీని, ఆండ్రే బృందం ప్రోటీన్ల అక్షరమాలలు పక్కపక్కన పెట్టి పోల్చింది. ఈస్టు తలుపుకీ మనిషి ఆర్‌హెచ్‌కీ పోలిక కనిపించింది. 2000లో ఆ పోలికని పరీక్షకి పెట్టారు. తలుపులన్నీ తీసేసిన ఆకలి ఈస్టులోకి ఈసారి మొక్క జీను కాదు, మనిషి జీన్లు పెట్టారు. ఎర్ర రక్తకణం మీద ఆర్‌హెచ్-డీకి తోడుగా ఉండే ఆర్‌హెచ్ఏజీ అనే ప్రోటీను జీను ఒకటి, కిడ్నీలో ఉండే దాని చుట్టం జీను ఇంకొకటి. ఈస్టు లేచి పెరిగింది. వరి వేరూ, కల్లు ఈస్టూ, మన నెత్తురూ ఒకే కుటుంబం తలుపులు వాడుతున్నాయని అలగ తేలింది.

ఇందులో ఒక మెలిక ఉంది. అమోనియాని దాటించేది పక్కనున్న ఆర్‌హెచ్ఏజీ. పాజిటివ్, నెగెటివ్ తేల్చే ఆర్‌హెచ్-డీ మాత్రం అమోనియా మోస్తుందన్న రుజువు లేదు. కుటుంబంలో పుట్టి కులవృత్తి వదిలేసిన చుట్టంలాంటిది. అందుకే నెగెటివ్ గ్రూపువాళ్లకి ఒంట్లో ఏ లోటూ ఉండదు. నెగెటివ్ అంటే జబ్బు కాదు, బలహీనత కాదు. ఈ మాట ఊళ్లో గట్టిగా చెప్పాలి.

మన ఒంట్లో ఈ తలుపులకి పెద్ద డ్యూటీ కిడ్నీలో ఉంది. ఒంట్లో అమోనియా పెరిగితే మెదడుకి ప్రమాదం. అందుకే లివరు దాన్ని యూరియాగా మార్చి మూత్రంలోకి పంపిస్తుంది. తాగి తాగి లివరు పూర్తిగా చెడిన మనిషి మగతగా, తికమకగా మాట్లాడటం చూసి కొందరు గాలి సోకిందంటారు. చాలాసార్లు దాని వెనకుండేది లివరు శుభ్రం చెయ్యలేకపోయిన అమోనియా. అలాంటప్పుడు మొదట వెళ్లాల్సింది ఆసుపత్రికి. ఇక కిడ్నీ సొంతంగా కొంత అమోనియా తయారుచేసి, ఒంట్లో మిగిలిన ఆమ్లాన్ని దాంతో కలిపి బయటికి తోసేస్తుంది. ఆ తోసే గుమ్మమే ఆర్‌హెచ్‌సీజీ. 2008లో ఆ తలుపు లేని ఎలుకల్ని చూస్తే, వాటి ఒంట్లోంచి ఆమ్లం సరిగా బయటికి పోలేదు.

72 గంటలు

ఇప్పుడు అసలు మాట. మన దేశంలో నూటికి అయిదుగురు అటూ ఇటూ ఆర్‌హెచ్ నెగెటివ్. తల్లి నెగెటివ్ అయ్యి, కడుపులో బిడ్డ తండ్రి వైపు నుంచి పాజిటివ్ అయితే, కాన్పు సమయంలో బిడ్డ రక్తం కొంత తల్లి రక్తంలో కలుస్తుంది. తల్లి ఒళ్లు ఆ ఆర్‌హెచ్-డీని ఎప్పుడూ చూడలేదు కాబట్టి, దొంగ అనుకుని దాని మీదకి యాంటీబాడీలు తయారుచేస్తుంది. మొదటి బిడ్డకి సాధారణంగా ఏమీ కాదు. రెండో బిడ్డ కూడా పాజిటివ్ అయితే ఆ యాంటీబాడీలు బిడ్డ ఎర్ర రక్తకణాల్ని విరగ్గొడతాయి. బిడ్డకి రక్తం తగ్గిపోవచ్చు, పచ్చకామెర్లు ముదరొచ్చు, కడుపులోనే ప్రాణం పోవచ్చు. మొదటి కాన్పు బాగా జరిగి, తర్వాతి బిడ్డలు నిలవకపోతే దిష్టి అనీ శాపం అనీ ఆ తల్లినే ఆడిపోసుకున్న ఇళ్లెన్నో.

దీనికి మందు 1968 నుంచి ఉంది. యాంటీ-డీ ఇంజెక్షన్. నెగెటివ్ తల్లికి మామూలుగా 28 వారాలప్పుడు ఒకటి, పాజిటివ్ బిడ్డ పుడితే కాన్పయిన 72 గంటల్లోపు ఇంకొకటి ఇస్తారు. కడుపు పోయినప్పుడు కూడా అవసరం ఉంటుంది, డాక్టరుని అడగాలి. బిడ్డ రక్తకణాల్ని తల్లి ఒళ్లు గుర్తుపట్టక ముందే ఈ మందు వాటిని తుడిచేస్తుంది.

72 గంటలు పట్నంలో ఉన్నవాళ్లకి చాలా టైము. రోడ్డు లేని కొండ ఊరికి అది తక్కువ టైము. డోలీ కట్టి గర్భిణిని మోసుకుంటూ దిగే ఊళ్లు మన ఏజెన్సీలో ఇంకా ఉన్నాయి. కాన్పు ఇంట్లోనో దారిలోనో అయిపోతే, బిడ్డ ఏడ్చింది చాలనుకుని రక్తం మాట మర్చిపోతారు. ఈ ఇంజెక్షన్‌ని ఫ్రిజ్‌లో ఉంచాలి, ప్రతిచోటా సిద్ధంగా ఉండకపోవచ్చు. అందుకే ముందే అడగాలి. మొదటి నెలల పరీక్షలోనే గ్రూపు తెలుస్తుంది, తల్లీబిడ్డల కార్డు మీద రాస్తారు. నెగెటివ్ అని ఉంటే భర్త గ్రూపు కూడా చూపించుకోవాలి. కాన్పు తేదీకి ముందే ఆశా కార్యకర్తతోనో, ఏఎన్ఎంతోనో, డాక్టరుతోనో మాట్లాడి, ఆ మందు ఎక్కడ దొరుకుతుందో తేల్చుకోవాలి. కాన్పయ్యాక వెతకడం మొదలుపెడితే ఘాట్ రోడ్డు మీదే టైమంతా అయిపోతుంది.

మన కొండల్లో సికిల్ సెల్ రక్తహీనత ఉన్న కుటుంబాలకి ఆర్‌హెచ్ సంగతి ఇంకా ముఖ్యం. మళ్లీ మళ్లీ రక్తం ఎక్కించుకునేవాళ్లకి ఏ, బీ, ఓ కలిస్తేనే సరిపోదు. ఆర్‌హెచ్ కుటుంబంలో చిన్న తేడాలున్నా ఒళ్లు యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది, తర్వాత సరిపోయే రక్తం దొరకడం కష్టమవుతుంది. కాబట్టి అలాంటివాళ్లు ఎప్పుడు, ఎక్కడ రక్తం ఎక్కించుకున్నారో రాసి ఉన్న కాగితాలన్నీ దాచుకోవాలి. ఆసుపత్రి మారినప్పుడు వాటిని పట్టుకెళ్లి చూపించాలి.

ఇదంతా డాక్టర్లూ సైంటిస్టులూ చూసుకుంటార్లే అనుకుంటే మన ఊరి దాకా రాదు. బురద పదునులో యూరియా ఎందుకు వెయ్యాలో నాన్నకి చెప్పగలిగేది మీరే. కంది వేరు బుడిపెని గిల్లి చూపించగలిగేది మీరే. నెగెటివ్ అంటే తల్లి తప్పు కాదని నలుగురిలో నిలబడి చెప్పాల్సిందీ మీరే. ఫోన్లో ఇది చదవడం అయ్యాక ఒక్క పని చెయ్యండి. మీ ఇంట్లోనో వీధిలోనో కడుపుతో ఉన్నవాళ్లెవరైనా ఉంటే, కార్డు తీయించి గ్రూపు చూడండి. నెగెటివ్ ఉంటే రేపే ఆశా అక్కతో మాట్లాడండి.